ఎవరు సర్దుకున్నట్టు?

మా ఊరి పాలకేంద్రంలో తెల్లారి ఐదున్నరకే లైటు పడుతుంది. క్యాను మూత తీసి, గరిటెతో ఓసారి కలియబెట్టి, చిన్న గ్లాసుడు పాలు మిషన్ ముక్కుకింద పెడతారు. మిషన్ గుర్రుమంటుంది, ఒక చీటీ బయటికి తోస్తుంది. ఫ్యాట్ ఇంత, ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాక మిగిలిన ఘనపదార్థం) ఇంత, లీటర్లు ఇన్ని, ధర ఇంత. పోయిన మే నెలలో ఒకరోజు, వరసకు నాకు అక్క అయ్యే ఆమె ఆ చీటీ పట్టుకొని చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

"ఏందక్కా?" అన్నాను.

"ఏముండాది నాయనా, ఆవు పగలంతా రొప్పతా ఉండాది. మేత ముట్టదు, నీళ్లు మాత్రం బక్కెట్లకు బక్కెట్లు తాగతాది. పాలు పల్చబడినాయి. పల్చబడితే కోత పడతాది గదా."

చీటీని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంటూ, "ఏం జేసేది, సర్దుకోవాల" అంది.

సర్దుకోవాల. ఈ మాట మన ఇళ్లలో ఎవరికి చెబుతాం? కొత్త కోడలికి చెబుతాం. బస్సులో ముగ్గురు పట్టే సీటు దగ్గరికి నాలుగో మనిషి వచ్చి "కాస్త సర్దుకోండి" అంటే కిటికీ పక్కనున్నవాడు కదలడు. అంచునున్నవాడు సగం గాల్లో కూర్చుంటాడు. ఇంటి యజమానిని సర్దుకోమని ఎవరూ అనరు, ఆయన సర్దుతాడు. తెలుగులో సర్దడం వేరు, సర్దుకోవడం వేరు. బీరువా సర్దుతాం, పెట్టె సర్దుతాం, అవసరంలో ఉన్నవాడికి ఐదువేలు సర్దుతాం. సర్దేవాడి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. సర్దుకునేవాడి దగ్గర ఉండేది ఒళ్లే, దాన్నే ఇంకాస్త ముడుచుకుంటాడు. మధ్యలో చేరిన ఆ 'కొను'ను వ్యాకరణంలో ఆత్మార్థకం అంటారు, తనకోసం తాను చేసుకునే పని అని. వండుకోవడానికీ కట్టుకోవడానికీ ఆ సూత్రం సరిపోతుంది. మా అక్క దగ్గర మాత్రం చెల్లలేదు. ఆమె సర్దుకున్నది ఆమెకోసం కాదు.

వాణిజ్యం పేజీల్లో ఈమధ్య ఇదే మాట సంస్కృతం కట్టుకొని తిరుగుతోంది: అనుకూలనం. వాతావరణం మారుతోంది, వ్యాపారాలూ మారాలి, మారినవే నిలుస్తాయి అంటున్నారు. కావచ్చు. నా అనుమానం చిన్నది. ఫలానా వ్యాపారం వాతావరణానికి తగ్గట్టు మారింది అన్నప్పుడు, అంచున సగం గాల్లో కూర్చున్నది ఎవరు?

వానను నమ్మి వేరుశనగ వేసి, ఏళ్ల తరబడి విసిగిపోయిన ఇళ్లను ఆవు నిలబెట్టిన చిత్తూరు జిల్లా మాది. చంద్రబాబునాయుడు పెట్టిన హెరిటేజ్ 1992లో పుట్టింది. 2014లో తిరుపతి కేంద్రంగా మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీలో వాటాదారులంతా ఆడవాళ్లే, లక్షమందికి పైన. ఇవికాక ఊరూరా చిన్నా పెద్దా డెయిరీల క్యాన్లు. పదిహేను రోజులకోసారి వచ్చే ఆ పాల డబ్బులే ఇక్కడ చాలా ఇళ్లకు జీతం. ఆవులేమో జెర్సీలు, హోల్‌స్టీన్ (హెచ్.ఎఫ్.) సంకరాలు, చలిదేశపు రక్తం. ఎండకు బెదరని ఆవు మనకు లేకపోలేదు. పుంగనూరు ఆవు ఇక్కడిదే, మూడడుగుల ఎత్తు, గుప్పెడు మేత. పాలు తక్కువ. దాన్ని ఇప్పుడు డబ్బున్నవాళ్లు బంగళాల్లో ముద్దుకు పెంచుకుంటున్నారు. పాడికి కట్టేసుకునేది మాత్రం ఎండకు రొప్పే ఆవునే, బ్యాంకు కంతు తీర్చేది అదిచ్చే పాలే గనుక.

ఆవుకు వేడి తగిలితే మేత తగ్గుతుంది. మేత తగ్గితే పాలూ తగ్గుతాయి, పాలలో పసా తగ్గుతుంది. డెయిరీ లెక్కల పుస్తకంలో డీజిల్‌కు పద్దు ఉంటుంది, కరెంటుకు ఉంటుంది, పాలు చల్లబరిచే కూలర్లకు ఉంటుంది. ఎండకు ఉండదు. ఎండ నేరుగా వచ్చి అక్క చీటీలో చుక్క తరవాతి అంకెలో కూర్చుంటుంది, 8.4 ఉండే ఎస్.ఎన్.ఎఫ్. 8.1గా. ఇందులో మోసం లేదు, నన్ను ఇబ్బంది పెట్టేదీ అదే. మోసమైతే తిట్టిపోయవచ్చు. ధరల పట్టిక అందరికీ ఒకటే. మిషన్‌కు చుట్టరికాలు తెలియవు. పాలలో నీళ్లు కలిపేవాళ్లను పట్టుకోవడానికి న్యాయంగా పెట్టిన లెక్క అది. అయితే ఆ లెక్కకు నీళ్లు కలిపిన మనిషికీ, ఎండలో ఆవును కాపాడుకోలేకపోయిన మనిషికీ తేడా తెలియదు. సూర్యుడు చేసిన పనికి జరిమానా ఆమె కట్టింది, రసీదు కూడా తీసుకుంది.

అదే ఎండ ఇంకోచోట పెట్టుబడి. తడ దగ్గర శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ ఏసీల ఫ్యాక్టరీలు రెండూ 2023లో తెరుచుకున్నాయి. 2025 మే 8న ఎల్జీ అయిదువేల కోట్లతో అక్కడే శంకుస్థాపన చేసింది. తిరుపతి పక్కన కరకంబాడిలో 1985 నాటి అమరరాజా బ్యాటరీలు ఉండనే ఉన్నాయి. ఎండ పెరిగితే ఏసీ, కరెంటు పోతే ఇన్వర్టర్. వేలమందికి కూడు పెడుతున్న పనులు, తప్పుపట్టను. కాకపోతే తిరుపతిలో మేముండే సందు మొదట్లో పూలమ్మే ఒకామె ఉంది. ఆమె గంప వెనక గోడకు మేడమీదివాళ్ల ఏసీ బయటి డబ్బా తగిలించి ఉంది. మధ్యాహ్నం అది ఊదే గాలికి మల్లెమొగ్గలు గంట ముందే విచ్చుకుంటాయి. ఆమె తడిగుడ్డ కప్పుతుంది, మళ్లీ తడుపుతుంది. ఆమెది కూడా వ్యాపారమే కదా. వాతావరణానికి తగ్గట్టు మార్చుకుంటున్న వ్యాపారమే. ఆమె మీద వ్యాసం ఎవరూ రాయరు.

ఇక మామిడి. బంగారుపాళ్యం దగ్గర మాకు మూడెకరాల తోతాపురి తోట ఉంది, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను.

మామిడి పూతకు కావలసింది చలి. మార్గశిరం, పుష్యం రాత్రుల్లో చలి, పగలు పొడి ఎండ. అంతకుముందు చెట్టు కొన్నాళ్లు ఏ పనీ లేకుండా ఊరికే ఉండాలి. ఈశాన్యం వానలు వేళకు వెళ్లిపోతేనే ఆ తీరిక. డిసెంబరులో కూడా వాన పట్టి తడిపితే చెట్టు పూత సంగతి మరిచిపోయి చిగురేస్తుంది. 2023 డిసెంబరు మొదటివారంలో మిచాంగ్ తుపాను తిరుపతి వైపు కుమ్మరించిన ఏడాది మా తోటంతా రాగిరంగు చిగుళ్లు. పట్నంనుంచి వచ్చిన మా మేనకోడలు ఫోటోలు తీసుకుంది. మా చిన్నాయన వాటిని చూడలేక తల తిప్పుకున్నాడు.

చలి నమ్మకం తప్పాక కల్టార్ వచ్చింది. చెట్టు చుట్టూ పాదు తీసి, నీళ్లలో కలిపి పోస్తారు. చెట్టుకు పెరిగే బుద్ధి తగ్గించి పూసే బుద్ధి పుట్టించే మందు. పూత వచ్చాక తేనెమంచు పురుగు, తామర పురుగు, మబ్బు పడితే బూడిద తెగులు. మా నాయన కాలంలో రెండు పిచికారీలతో పోయేది. ఇప్పుడు ఆరేడుకు తక్కువ లేదు. వాతావరణం చేయాల్సిన పనిని మందుల అంగడి చేస్తోంది, బిల్లు వేసి మరీ. మందుల అంగడి అనుకూలించింది, అందులో సందేహం లేదు.

2025లో కాపు విరగకాసింది. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర పాత నిల్వలు అమ్ముడుపోకుండా ఉన్నాయి. ధర కూలింది. కిలోకు 12 రూపాయలు దక్కాలని ప్రభుత్వం లెక్క కట్టింది: ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ ఎనిమిదీ చేతికి రావడం లేదన్న ఫిర్యాదు సీజనంతా వినబడింది. జూన్‌లో కర్ణాటక కాయ జిల్లాలోకి రాకుండా మన అధికారులు ఆపేస్తే, అక్కడి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. హద్దుకు అవతల చెట్టు ఎక్కినవాడికీ ఇవతల ఎక్కినవాడికీ కాయ ఒక్కటే, మాట్లాడే మాట కూడా చాలా ఊళ్లలో తెలుగే. కష్టం వచ్చినప్పుడు ముందు సర్దుకోవాల్సింది పక్కవాడే అని మనం కూడా ఎంత తొందరగా తేల్చేశామో.

ఆ జూన్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు బయట మా ట్రాక్టరు రెండు రాత్రులు నిలబడింది. పేరెందుకు, ఏ గేటు ముందైనా అదే వరస. టార్పాలిన్ కింద కాయ మగ్గిపోయి, రసం ట్రాలీ సందుల్లోంచి కారి తారురోడ్డు మీద జిగటగా అంటింది. మూడోరోజు పొద్దున వంద కిలోలకు ఇన్ని అని తరుగు రాసి లోపలికి పంపారు.

గేటు దాటాక ఆ కాయకు జరిగేది చూడాలి. కడుగుతారు, టెంకె వేరుచేస్తారు, గుజ్జును కాచి చల్లార్చి, గాలి సోకని సంచిలో నింపి ఇనపడ్రమ్ములో పెట్టి మూత బిగిస్తారు. డ్రమ్ముకు రెండువందల కిలోల పైన. ఐసు అక్కర్లేదు, ఏడాది దాటినా చెడదు. గల్ఫ్‌కు పోతుంది, యూరప్‌కు పోతుంది, ధర బాగాలేకపోతే షెడ్డులో కూర్చుంటుంది. గేటుకు ఇవతల కాయ ఆయుష్షు నాలుగు రోజులు, అవతల ఏడాది పైన. మధ్యలో ఉన్నది ఒక ఇనపగేటు, ఒక టోకెను. నేను ఆ రెండు రాత్రులూ ట్రాక్టరు కింద గోతం పరుచుకొని పడుకొని ఆలోచించింది దీన్నే. వానాకాలం చలికాలం మాట తప్పుతున్న రోజుల్లో ఆస్తి అంటే భూమి కాదేమో, ఆగగలగడమేమో. ఫ్యాక్టరీ ఆగగలదు. చెట్టు ఆగలేదు, కాయ ఆగలేదు, కోతకూలీ సాయంత్రం కూలికి ఆగలేదు. ఆగగలిగినవాడి నష్టం ఆగలేనివాడి దగ్గరికి నడిచి వస్తుంది, పల్లానికి నీళ్లు వచ్చినంత మామూలుగా. దానికి ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు.

ఇదంతా వాతావరణం పనేనా? కాదు. 2025లో కూలింది మార్కెట్టు. పాత నిల్వలు, ఎగుమతుల ఇక్కట్లు, బేరంలో ఒకవైపు బలం, ఇవన్నీ మనుషులు చేసినవే. ఆకాశం మీదికి తోసేస్తే అందరికీ హాయి. ఆకాశం సంజాయిషీ ఇవ్వదు. ఇది కొత్త అలవాటు కూడా కాదు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న 1876-78 కరువులో వానలు తప్పింది నిజమే. కానీ ధాన్యం వ్యాపారంలో వేలు పెట్టేది లేదని వైస్రాయ్ లిట్టన్ ప్రభుత్వం భీష్మించుకుంది. రైళ్లు గింజల్ని ఆకలి ఉన్నచోటికి కాక ధర ఉన్నచోటికి మోశాయి. దేశం దాటి పోయే ధాన్యం పోతూనే ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చచ్చిపోయారు. వ్యాపారం మాత్రం ఆ వాతావరణానికి చక్కగా అనుకూలించింది. అనుకూలించడం అనేదానికి దయ, న్యాయం అనే గుణాలు వాటంతటవి అంటుకోవని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చూసినవాళ్లకు ఇంకో సంగతి తెలుస్తుంది. బట్టను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన కసిమిలో వెదురుకలం అద్ది నల్లగీత గీస్తారు. తరవాత పటిక, ఎరుపుకు ఉడకబెట్టడం, పసుపు, నీలం. నడుమనడుమ ఉతుకు. ఉతుకు పారే నీళ్లలో జరగాలి. నిలవనీళ్లలో జాడిస్తే వదిలిన రంగు మళ్లీ బట్టకే పట్టుకుంటుంది. ఈ పని స్వర్ణముఖి ఒడ్డున కుదురుకోవడానికి అదొక కారణం. ఆ నది ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. కాబట్టి బోరు, సిమెంటు తొట్టి, మోటారు. ఇన్నాళ్లూ నది జీతంలేని పనివాడిలా రంగు కడిగిపెట్టింది. చీర ధరలో దాని కూలి ఏనాడూ లేదు. ఇప్పుడు మోటారు కూలి అడుగుతోంది. కొనేది మనం. మిషన్ ప్రింటు చీర పక్కన పెట్టి "ఇదెందుకంత?" అని బేరమాడేదీ మనమే.

నీళ్ల మీద డబ్బు పెట్టిన వ్యాపారం మా ప్రాంత చరిత్రలో ఒకటుంది. దాన్ని వ్యాపారం అంటే పెద్దలు కోప్పడతారు గానీ, శాసనాలు చదివితే అలాగే ఉంటుంది. విజయనగర కాలంలో తిరుమల దేవుడికి నైవేద్యాల కోసం దాతలు ఇచ్చిన రొక్కాన్ని దేవస్థానం పెట్టెలో దాచలేదు. దేవుడి మాన్యపు ఊళ్లలో చెరువులు తవ్వించడానికి, కాలవలు తీయించడానికి పెట్టింది. నీళ్లొచ్చి పెరిగిన పంటలోంచి దాత పేరున నైవేద్యం జరిగేది, ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చేరేది. బర్టన్ స్టైన్ అనే చరిత్రకారుడు 1960లో దీనిమీద ఒక వ్యాసమే రాశాడు. దాత పుణ్యానికి ఇచ్చాడా, ప్రసాదం వాటాకు ఇచ్చాడా అన్నది నాకు పట్టదు. డబ్బు ఎక్కడ ఆగిందో అది చూస్తాను. చెరువులో ఆగింది. వాన తప్పిన ఏడు దెబ్బ గుడి వంటశాలకూ తగిలేది, ఊరికీ తగిలేది. ఇద్దరి కడుపూ ఒకే గట్టుకు కట్టి ఉంది. సర్దడం అని నేను మొదట చెప్పింది దీన్నే.

అది బంగారు కాలమని మాత్రం అనను. ఆ చెరువులు తవ్వినవాళ్ల పేర్లు ఏ రాతిమీదా లేవు. ఆ నీళ్లు అన్ని కులాల కుండల్లోకీ ఒకేలా రానూ లేదు. పైగా చెరువు కట్టడంతో పని అయిపోదు, ఏటేటా చూసుకోవాలి. 2021 నవంబరులో కురిసిన వానకు, రాయలవారి నాటిదని చెప్పుకునే రాయలచెరువు గట్టు ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. తిరుపతి వీధులు వాగులయ్యాయి. శ్రీవారిమెట్టు నడకదారి దెబ్బతిని 2022 మే దాకా తెరుచుకోలేదు. ఆ 2021లోనే డిసెంబరు 1న ఘాట్ రోడ్డు మీదికి బండలు దొర్లాయి. ఏ చెరువు పేరు ఇప్పుడు ఏ కాలనీ పేరయిందో, ఏ కాలనీలో నడుంలోతు నీళ్లు నిలిచాయో తిరుపతివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ప్లాట్లు అమ్మినవాళ్లు అమ్ముకొని వెళ్లిపోయారు. మంచాలమీద కుక్కర్లు పెట్టుకొని కూర్చున్నవాళ్లు సర్దుకున్నారు.

ఇంతసేపూ కంపెనీలను అడిగాను. మూడెకరాలదైనా నాదీ ఒక వ్యాపారమే.

రెండేళ్లుగా కోతల సమయంలో ఎండకు తట్టుకోలేక కూలీలు పడిపోతున్నారని నేనొక మంచి ఆలోచన చేశాను. తొమ్మిదికి వచ్చి సాయంత్రం దాకా ఉండే పద్ధతి మాని, ఐదుకే రండి, పదకొండున్నరకు వెళ్లిపోండి అన్నాను. కూలి తగ్గించలేదు. లోపల కాస్త గర్వపడ్డాను కూడా. మగవాళ్లు సరే అన్నారు. కాయలు ఏరి గంపలకెత్తే ఆడవాళ్లలో ఒకామె అడిగింది: "ఐదుకు ఈడుండాలంటే నేను రెండున్నరకు లెయ్యాల సామీ. సంగటి ఎవురు కెలికేది? బిడ్డల్ని బడికి ఎవురు పంపేది?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఎండను తప్పించాననుకున్నాను. దాన్ని ఆమె నిద్రలోకి మార్చాను, అంతే. ఆ మార్పులో నాకు ఖర్చు లేదు, పని ఆగలేదు, పేరు కూడా వచ్చింది. ఏ కంపెనీ వార్షిక నివేదికలోనైనా ఇది మంచి ఉదాహరణగా అచ్చవుతుంది. ఆమె అడిగేదాకా నాకు కనబడకపోవడానికి కారణం నేను చెడ్డవాణ్ణి కావడం కాదు. నా లెక్కలో ఆమె నిద్రకు పద్దు లేదు. డెయిరీవాళ్ల లెక్కలో ఎండకు లేనట్టే.

తరవాత ఏం చేశామంటే, గొప్పగా ఏమీ చేయలేదు. వచ్చే వేళ ఆడవాళ్లే కూర్చొని తేల్చుకున్నారు, ఏడుకు రావడం, పన్నెండుకు దిగిపోవడం అని. కోత రెండు రోజులు సాగింది, ఆ రెండు రోజుల ఖర్చు నాకు పడింది. చెప్పుకోదగ్గ త్యాగమేమీ కాదు. కానీ మొదటిసారి ఎండ నా పుస్తకంలో ఒక అంకెగా కనిపించింది.

కాబట్టి నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. కేరళలో మలబారు మిల్మా అనే పాల సహకార సంఘం 2023లో ఒక బీమా తెచ్చింది, ఎండ ఒక హద్దు దాటి వరసగా కొన్ని రోజులు కొడితే ఆవుకు ఇంతని రైతుకు డబ్బు పడేటట్టు. 2024 మేలో గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్రల్లో 'సేవా' అనే మహిళా కార్మిక సంఘంలోని వేలమంది ఆడకూలీలకు ఎండ హద్దు దాటినందుకు తలా 400 రూపాయలు అందాయి. నాలుగువందలు ఏ మూలకు అంటే నిజమే, ఏ మూలకూ రావు. ప్రీమియం ఎవరు కట్టాలి, హద్దు ఎవరు గీయాలి అన్న తగువులూ ఉన్నాయి. అయినా అక్కడ ఎండను ఎండ అని రాశారు, పాలు పల్చబడ్డాయని రాయలేదు.

మా జిల్లా పాలకంపెనీల పెద్దలకు నా మనవి ఇది. ఫ్యాట్, ఎస్.ఎన్.ఎఫ్., లీటర్లు, ధర పక్కన ఇంకొక్క గడి పెట్టండి: ఆనాటి ఎండ. అది ఫలానా డిగ్రీ దాటిన రోజుల్లో పడే కోతలో సగం మీరు భరించండి. సగం ఎందుకంటే, మీ కష్టం మీకూ ఉంటుంది. చీటీలో చోటు లేదని మాత్రం అనొద్దు. అక్క చీటీ ఇప్పించుకొని చూశాను, అడుగున రెండు వేళ్ల ఖాళీ ఉంది.